ఆడుట, ఆడించుట

2020లో కీర్తిశేషులైన ప్రదీప్ కుమార్ బెనర్జీగారి పేరెత్తినంతనే పలువురకు 1962 జకార్తా ఏషియా క్రీడల ఫుట్‌బాలు తుది పోటీ జ్ఞప్తికి వచ్చును. దక్షిణ కొరియాపై మనవారు 2-1గా గెలిచి స్వర్ణపతకమందిరి. మనవారి మొదటి గోలు వీరిదే. 1960 రోము ఒలింపిక్సులో నాయకులై ఫ్రాన్సుపైనను గోలు చేసిరి. ఆ యశస్సును మేము తక్కువ చేయము. అయినను శిక్షకులుగా వీరు చేసిన పనియే గొప్పదని మా యభిప్రాయము. వీరి శిక్షణలో 1970లో మన జట్టు బ్యాంకాకునందు కాంస్యపతకమందెను. దాని నాయకుఁడు హైదరాబాదువాఁడగు నయీముద్దీన్. తాను మేటిగా ఆడుట యొకటి. తనయంత నేర్పులేని వానికి ఓర్పుతో నేర్పుట వేఱొకటి. మేటి యాటగాండ్రలో ననేకులకు ఈ యోర్పు చాలదు. పంతులు పనిని చిన్నచూపు చూచు తలిదండ్రులు ఇంకొకటి వినవలెను: రోములోను జకార్తాలోను బెనర్జీగారిని ఆడించిన హైదరాబాదు రహీముగారు బడిపంతులు! (ఇది వ్రాయుచు మేము కొంచెము గర్వించితిమేని పాఠకులు మన్నింతురు గాక.)