రాయి మోసినోళ్ళ పేరేది?

కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. అక్కడ లేస్తున్న టవర్ల ముందర బోర్డులు చూడండి. బిల్డరు పేరుంటది, ఆర్కిటెక్టు పేరుంటది. ఇసుక మోసినోళ్ళు, సెంట్రింగ్ కొట్టినోళ్ళ పేరు ఒక్కటీ ఉండదు.

ఇది ఈనాటి అలవాటు కాదు. 1908 మూసీ వరదలో వేలమంది కొట్టుకపోయిన్రు. ఆ తర్వాత ఏడో నిజాం నగరాన్ని కొత్తగా కట్టించ పూనుకున్నడు. కోకాపేట పక్కనున్న గండిపేట చెరువు కూడా ఆ వరద తర్వాత కట్టిందే. 1914లో విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు వచ్చిండు. అంతకు ముందు కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పని చూసినోడు. 1921 దాకా ఇక్కడ ఉన్నడు. కాచిగూడ స్టేషను, హైకోర్టు, సిటీ హైస్కూలు, ఉస్మానియా దవాఖాన, నాలుగూ ఆయన పేరు మీదనే చెప్తరు. పనిమంతుడే, కాదనం.

కానీ హైకోర్టు ప్లాను గీసింది జైపూర్ శంకర్‌లాల్ అని, ఇంజనీరింగు డ్రాయింగులు మెహర్ అలీ ఫాజిల్ వేసిండని ఆ కోర్టు చరిత్రే చెప్తది. దొర పేరు ముందర వాళ్ళ పేర్లు వెనకబడ్డయి. ఇక 1915 నుంచి 1919 దాకా రాయి కొట్టినోళ్ళు, సున్నం కలిపినోళ్ళు, తట్టలు మోసిన ఆడోళ్ళు? వాళ్ళకు వెనక వరసలో కూడా చోటు లేదు. కులానికి ఉన్నట్టే పేరుకు కూడా నిచ్చెన మెట్లున్నయి.

"కూలి ముట్టింది గదా, పేరెందుకు?" అని అడిగేటోళ్ళున్నరు. పేరు లేనోనికి లెక్క లేదు. పై అంతస్తు నుంచి పడి చస్తే, వాడు అక్కడ పనిచేసిండని రుజువేది? ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినోళ్ళ పేరు సంక్షేమ బోర్డులో ఎక్కించే పద్ధతిని 1996 చట్టం తెచ్చింది. పేరు ఎక్కనోనికి ఆ బోర్డు పథకాల్లో చాలా వాటి సొమ్ము అందదు.

కాబట్టి సంఘం అన్నలారా, అక్కలారా! ప్రతి కూలీల అడ్డా మీద ఒక నోటుబుక్కు పెట్టండి. పేరు, ఊరు, ఏ బిల్డింగు, ఎన్ని రోజులు, మేస్త్రీ ఎవరు, అన్నీ రాయండి. పాలమూరు నుంచి వచ్చినోళ్ళవీ, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినోళ్ళవీ రాయండి. గోడ మీద పేరు చెక్కమని తర్వాత అడుగుదాం. ముందు లెక్కలోకి ఎక్కుదాం.

జై భీమ్!