ఈ నెల పదం: మేక్ అప్

‘మేకప్’ అనగానే మన ఇండ్లలో పెండ్లికూతురి అలంకరణే గుర్తుకు వస్తుంది. అది నామవాచకం. ‘మేక్ అప్’ అని విడదీసి క్రియగా వాడినప్పుడు అర్థాలు వేరు. అరబీ చదివే పిల్లలకు ఇది వింత కాకూడదు. ‘రగిబ’ అనే క్రియకు ‘ఫీ’ చేరితే కోరుకోవడం, ‘అన్’ చేరితే విముఖుడు కావడం. ఇబ్రాహీం (అలైహిస్సలాం) ధర్మాన్ని గురించిన బఖరా సూరా 130వ ఆయత్‌లో ఉన్నది ఈ రెండవ రూపమే. ఆ చిన్న పదాన్ని చూడక అర్థం చెప్పే విద్యార్థిని మేము అక్కడే ఆపుతాము.

మొదటి అర్థం, తప్పినదానిని తర్వాత పూర్తిచేయడం. వ్యాధిగ్రస్తులు, ప్రయాణికులు రమజానులో విడిచిన ఉపవాసాలను ఇతర దినాలలో పాటించి లెక్క నింపాలని అదే సూరా 184వ ఆయత్ ఆదేశిస్తున్నది. మనం ‘ఖజా’ అనేది దీనినే. ‘ఐ మస్ట్ మేక్ అప్ త్రీ ఫాస్ట్స్’ అనవచ్చు. సర్వనామం వస్తే మధ్యలో చేరుతుంది: ‘మేక్ దెమ్ అప్’. రామగుండం, గోదావరిఖని గని కార్మికుల ఇండ్లకు లెక్క నింపడం కొత్త కాదు. ఏడాదికి నిర్ణీత సంఖ్యలో మస్టర్లు నిండితేనే వేతనంతో కూడిన వార్షిక సెలవు. నాగాతో పోయిన మస్టరు మళ్ళీ రాదు. విడిచిన ఉపవాసానికి మాత్రం అల్లాహ్ గడువిచ్చాడు.

రెండవ అర్థం, లేనిదానిని కల్పించడం. జాగ్రత్త ఇక్కడే అవసరం. దరఖాస్తులో ఖాళీలను పూరించానని చెప్పదలచి ‘ఐ మేడ్ అప్ ద మిస్సింగ్ డీటెయిల్స్’ అని రాస్తే, వివరాలను కల్పించి రాశానని ఒప్పుకున్నట్లే. అంత మాటకు ఉద్యోగమే చేజారవచ్చు. ‘ఫిల్డ్ ఇన్’ అనాలి. వాట్సాప్‌లో తిరిగే ఆధారం లేని ‘హదీసు’లకు మాత్రం ‘మేడ్ అప్’ సరిగ్గా సరిపోతుంది; హదీసు పండితులు అటువంటివాటిని ‘మౌజూ’ అంటారు.

‘విత్’ చేరితే రాజీపడటం. తండ్రి ఉద్యోగం ఏ కొడుకుకు దక్కాలన్న వివాదంతో మాటలు మానుకున్న అన్నదమ్ములు మన బొగ్గు ప్రాంతంలో ఉన్నారు. ఏ ముస్లిమూ తన సోదరునితో మూడు దినాలకు మించి తెగతెంపులు చేసుకోరాదనీ, ఇరువురిలో ముందు సలాం చేసినవాడే మేలైనవాడనీ ప్రవక్త మహనీయులు (స) బోధించారు. ఆ సలాం చేసిన వానిని గురించి ‘హీ మేడ్ అప్ విత్ హిజ్ బ్రదర్’ అని రాయాలి. ‘విత్’ మరచితే, లేని అన్నను కల్పించుకున్నాడని అర్థం వస్తుంది!