శిక్షణ ట్రాక్‌లకూ వలలు కట్టించండి

అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డ్ సమాఖ్య (ఫిస్) పెద్దలకు,
ఓబర్‌హోఫెన్, స్విట్జర్లాండ్.

కొలరాడోలోని బీవర్ క్రీక్‌లో 'బర్డ్స్ ఆఫ్ ప్రే' వరల్డ్ కప్ రేసులకు ట్రాక్ సిద్ధం చేసే వాలంటీర్లను టాలన్ క్రూ అంటారు. వాళ్ళలో ఒకడిగా ఈ లేఖ రాస్తున్నాను. డెన్వర్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళూ చదవాలని తెలుగులో రాస్తున్నాను.

మేం తెల్లవారకముందే కొండ ఎక్కుతాం. రాత్రి కురిసిన మెత్తటి మంచును, స్కీలు అడ్డంగా పెట్టి వరసగా జారుతూ పక్కకు నెడతాం. దాన్నే స్లిప్పింగ్ అంటారు. 2023లో మంచు, గాలి వల్ల మూడు రోజుల రేసులూ రద్దయ్యాయి. అది సరైన నిర్ణయమే. ఆటగాళ్ళ ప్రాణం కన్నా మా కష్టం ఎక్కువేం కాదు.

అసలు పని ట్రాక్ పక్కన కట్టే రక్షణ వలల దగ్గర ఉంటుంది. డ్రిల్లుతో మంచులో రంధ్రం వేసి, కర్ర దించి, బి-నెట్ అనే వల బిగిస్తాం. ప్రమాదం ఎక్కువున్న మలుపుల్లో ఒక వరస వెనక ఇంకో వరస కడతాం. రెండు వలలు కలిసేచోట స్కీ మొన దూరే సందు ఉండకూడదు. కొత్త మంచు పడితే వల అడుగు పూడిపోయి ఎత్తు తగ్గుతుంది. తవ్వి, పైకి లాగి మళ్ళీ కట్టాలి. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో అదుపు తప్పి వచ్చే మనిషిని ఆపాల్సింది ఆ వలే.

రేసు రోజున ఈ పనికి చాలామందిమి ఉంటాం. మరి శిక్షణ రోజున?

2025 సెప్టెంబరులో చిలీలోని లా పార్వాలో ఇటలీ ఆటగాడు మత్తెయో ఫ్రాంజోసో శిక్షణలో పడిపోయాడు. రెండు వరసల వలలు దాటి, ట్రాక్ బయట ఉన్న చెక్క కంచెకు కొట్టుకున్నాడు. రెండు రోజులకు చనిపోయాడు. పాతికేళ్ళవాడు. వలలు ఉన్నాయి, కానీ చాలలేదు.

2024-25 సీజన్ నుంచి వరల్డ్ కప్ స్పీడ్ పోటీల్లో (డౌన్‌హిల్, సూపర్-జి) ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. మంచి పని. అయితే ఒంటి మీది రక్షణతో ఆగకండి. డౌన్‌హిల్, సూపర్-జి శిక్షణ ట్రాక్‌లకూ రేసు ట్రాక్‌కు ఉన్నంత కట్టుదిట్టమైన తనిఖీ పెట్టండి. రేసుల్లో చేయి తిరిగిన వాలంటీర్లను శిక్షణ శిబిరాలకు పిలవండి. వాళ్ళ ప్రయాణం, బస ఖర్చు మీ సమాఖ్యే భరించాలి. డబ్బులివ్వకపోయినా వచ్చేవాళ్ళున్నారు. దారి ఖర్చు కూడా వాళ్ళ మీదే వేయడం న్యాయం కాదు.

డెన్వర్‌లోని మిత్రులకు ఒక మాట: మీ పిల్లలు స్కీ క్లబ్బుల్లో ఉంటే, ఈ శీతాకాలం ఒక్క రోజైనా వల కట్టడానికి రండి.