రెండే రెండు ఓట్లు
యుద్ధాన్ని పెంచడానికి ప్రభుత్వం అనుమతి అడిగిన రోజే చట్టసభ అడ్డంగా నిలబడాలి. శవపేటికలు ఇళ్లకు చేరడం మొదలయ్యాక వేసే ప్రశ్నలు ఎవరినీ బతికించలేవు. 1964 ఆగస్టు 7న అమెరికా కాంగ్రెస్ టోంకిన్ తీర్మానాన్ని ఆమోదించి, వియత్నాం విషయంలో అధ్యక్షుడు జాన్సన్ చేతికి దాదాపు హద్దుల్లేని అధికారం అప్పగించింది. ప్రతినిధుల సభలో 416 మంది సరేనన్నారు, కాదన్నవారు ఒక్కరూ లేరు. సెనేట్‌లో 88 మందికి ఎదురు నిలిచింది ఇద్దరే: ఆరెగాన్ సభ్యుడు వేన్ మోర్స్, అలాస్కా సభ్యుడు ఎర్నెస్ట్ గ్రూనింగ్. ఇద్దరూ జాన్సన్ పార్టీవాళ్లే, అందుకే వాళ్ల తెగువ నాకు మరీ పెద్దదిగా కనిపిస్తుంది. యుద్ధం ప్రకటించే అధికారాన్ని రాజ్యాంగం చట్టసభకు ఇచ్చిందని, దాన్ని అధ్యక్షుడికి ముందే రాసిచ్చేయడం తప్పని మోర్స్ వాదించారు. తీర్మానానికి సాకుగా చూపిన, అమెరికా యుద్ధనౌకలపై ఆగస్టు 4 నాటి దాడి అసలు జరగనే లేదని తర్వాత తేలింది. ఆ ఏడాది చివరికి సుమారు 23 వేలున్న అమెరికా సైనికులు నాలుగేళ్లలో ఐదు లక్షలు దాటారు. 58 వేలకు పైగా అమెరికన్లు, లక్షల్లో వియత్నామీయులు చనిపోయారు. తీర్మానాన్ని సెనేట్‌లో దగ్గరుండి గట్టెక్కించిన సెనేటర్ ఫుల్‌బ్రైటే 1966లో బహిరంగ విచారణలు పెట్టి యుద్ధాన్ని నిలదీశారు. మంచిదే, కానీ అప్పటికే పగ్గాలు చేజారాయి. యుద్ధవేళ ప్రశ్నించేవాళ్లు సైనికులకు ద్రోహం చేస్తున్నారనే నింద అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నేను ఒప్పుకోను. ఆ కుర్రాళ్ల ప్రాణాల పక్షాన ఆ రోజు ఓటేసింది మోర్స్, గ్రూనింగ్ మాత్రమే. 1968 ఎన్నికల్లో ఇద్దరూ ఓడిపోయారు. తీర్మానం రద్దయింది 1971లో.