నానమ్మ చదవాలి, మనవడు వినాలి

ఈమధ్య సింగపూర్‌లో మన తెలుగువాళ్ళు ఇద్దరు ముగ్గురు నన్ను ఒకే మాట అడిగారు: "ఇంట్లోవాళ్ళ కోసం చిన్న వెబ్‌సైటు పెట్టుకుందామనుకుంటున్నాం, ఏ టెంప్లేటు బాగుంటుంది?" అని. ఒకరికి నాన్నగారి కథలు పెట్టాలని, ఒకరికి పాత ఫొటోలు, ఇంకొకరికి కూతురి కూచిపూడి. మా ఇంట్లో అయితే అత్తగారి వంటలు. తెనాలి నుంచి ఆవిడ ఫోన్లో చెప్తుంటే ఆరు నెలలుగా పేజీలు కడుతున్నాను. టెంప్లేటు సంగతి ఆఖరున చూసుకోవచ్చండీ. ముందు అక్షరం సంగతి చూడాలి.

ఉచితంగా దొరికే టెంప్లేట్లలో చాలావరకు ఇంగ్లీషు అక్షరాన్ని మనసులో పెట్టుకుని చేసినవే. ఇంగ్లీషు అక్షరానికి కింద పెద్దగా వేలాడేదేమీ ఉండదు. మనకో? పైన గుడులు, కొమ్ములు. కింద వత్తులు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. ఎత్తు బిగించేసిన మెనూ పట్టీలో "పచ్చళ్ళు" అని రాస్తే కింద వత్తులు తెగిపోయి "పచళు" అని కనిపిస్తుంది. "అన్నం" కాస్తా "అనం" అవుతుంది. మందు ఇదీ: వరుస ఎత్తు అక్షరం సైజుకి 1.7 నుంచి 1.8 రెట్లు ఇవ్వండి. బటన్లకీ పట్టీలకీ ఇన్ని పిక్సెళ్ళని ఎత్తు బిగించకుండా, పైనా కిందా ఖాళీ మాత్రం చెప్పి వదిలేయండి. అక్షరం సైజు 18 పిక్సెళ్ళకు తగ్గొద్దు. శుక్లాల ఆపరేషన్ అయిన మా అత్తగారి కోసం నేను 20 పెట్టాను. చూడ్డానికి కాస్త మోటుగా ఉందని మావారన్నారు. ఆయన కళ్ళజోడు లేకుండా చదువుతారు లెండి.

రెండు అంచులూ సమానంగా సర్దే అలవాటు కూడా మానుకోవాలి. సంధులు కలిసి మన మాటలు పొడుగవుతాయి. ఇరుకు ఫోను తెర మీద వరుసకి మూడు మాటలే పడితే, వాటి మధ్య ఖాళీలు పళ్ళూడిన నోరులా కనిపిస్తాయి. ఎడమ అంచు ఒక్కటి సర్దితే చాలు. వాలు అక్షరాలు వద్దే వద్దు. మన లిపికి ఆ సంప్రదాయం లేదు, బ్రౌజరు నిలువు అక్షరాన్నే పక్కకు వంచి చూపిస్తుంది. బొద్దు అక్షరం దగ్గరా జాగ్రత్త. మండలి లాంటి ఫాంటులో ఒకే మందం ఉంటుంది. బొద్దు చేయమంటే బ్రౌజరు తానే దళసరిగా పులిమేస్తుంది, అక్షరం లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. శీర్షికలకు మొదటినుంచీ లావుగానే గీసిన రామభద్ర వాడుకోవచ్చు. ఈ రెండూ, ఇంకా సూరన్న, పెద్దన, తిమ్మన వంటివీ సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చినవి. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. వేర్వేరు మందాలు కావాలంటే నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు ఉన్నాయి.

అసలు ఫాంటు పంపాలా అన్నది వేరే ప్రశ్న. ఇప్పటి ఫోన్లలో, కంప్యూటర్లలో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. విండోస్‌లో నిర్మలా, ఆండ్రాయిడ్‌లో నోటో, ఆపిల్ వాటిలో కోహినూర్. నా వంటల పేజీకి ఆ ఇంటి ఫాంటే చాలనుకున్నాను, శీర్షికకు మాత్రం రామభద్ర. సైన్సు చదివిన బుర్ర కదా, లెక్క కట్టి చూశాను. "స్త్రీ" అనేది మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18. అంత బరువనిపించినా, పేజీడు వంట కలిపినా పాతిక కిలోబైట్లు దాటదు. ఫోన్లో తీసిన ఒక్క ఆవకాయ ఫొటో మూడు నాలుగు మెగాబైట్లు! బరువంతా ఫొటోలదే. వాటిని వెడల్పు 1200 పిక్సెళ్ళకు కుదించండి. అప్పుడే ఫొటోలో దాగి ఉండే లొకేషన్ వివరాలు కూడా తీసేయండి. మన బ్లాకు ఎక్కడో, పిల్లల బడి ఎక్కడో ఊరికంతా చెప్పనక్కర్లేదు.

నాన్నగారి కథలు పెట్టాలనుకున్న ఆవిడకు ఇంకో చిక్కు వచ్చింది. ఆ కథల పుస్తకం ఎప్పుడో డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించారు. ఫైలు తెచ్చి పేజీలో అతికిస్తే ఒక్క తెలుగక్షరం లేదు, అంతా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తుల గందరగోళం. యూనికోడ్ రాకముందు తెలుగు వెబ్ అంతా ఇంచుమించు ఇలాగే ఉండేది. అమెరికా రైస్ యూనివర్సిటీలో మనవాళ్ళు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతిలో రోమన్ లిపిలో తెలుగు రాసుకునేవారు. ఈనాడు సైటు దాని సొంత ఫాంటుతోనే కనిపించేది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్‌లో "పద్మ" అనే పొడిగింపు వాడేవారు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే సాధనాలు ఇప్పుడూ ఉన్నాయి. మార్చాక మాత్రం ప్రతి వరుసా మూలంతో సరిచూసుకోవాలి, వత్తుల దగ్గర తప్పులు పడతాయి. పేజీలను బొమ్మలుగా స్కాన్ చేసి పెట్టేస్తే పని తేలికే. కానీ వాటిలో మాట వెతకలేం, పెద్దది చేస్తే మసకబారుతుంది, చూపు లేనివాళ్ళకి ఫోను చదివి వినిపించడమూ కష్టమే. అలా వినిపించాలంటే పేజీ మొదట్లో భాష "తెలుగు" అని ఒక చిన్న గుర్తు పెట్టడం కూడా మరవకండి.

పేజీ చిరునామాలో మాత్రం తెలుగు వద్దంటాను. "ఆవకాయ" అని పెడితే, వాట్సాప్‌లో పంపినప్పుడు ఆ ఒక్క మాటా శాతం గుర్తులతో 45 అక్షరాల తోకగా మారిపోవచ్చు. చిరునామా రోమన్ లిపిలో ఉంచి, శీర్షిక తెలుగులో పెట్టండి.

ఇంత చేసినా మా వాడు ఆ పేజీ చదవలేడు. సింగపూర్ బడుల్లో మాతృభాషగా చైనీస్, మలయ్, తమిళం ఉంటాయి. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకునే వీలూ ఉంది. తెలుగు ఆ జాబితాలో లేదు. వాడు బడిలో హిందీ, ఇంట్లో తెలుగు. మాట వచ్చు, అక్షరం ఇంకా రాదు. చైనీస్, జపనీస్ అక్షరాల మీద ఉచ్చారణ రాయడానికి పనికొచ్చే రూబీ అనే ట్యాగు ఉంది. దాంతో తెలుగు మాటల మీద రోమన్ లిపి పెట్టొచ్చు. కానీ పేజీ చీమలు పట్టిన బెల్లంలా తయారవుతుంది, నానమ్మకు చదవడం కష్టం. అందుకని గొంతు పెట్టాను. ప్రతి వంట పేరు పక్కనా ఒక బటన్, నొక్కితే అత్తగారే చెప్తారు. మాటకి 48 కిలోబిట్ల నాణ్యత చాలు, నిమిషానికి 360 కిలోబైట్లు. దానంతటదే మోగేలా మాత్రం పెట్టకండి, ఎమ్మార్టీలో పక్కవాళ్ళు ఉలిక్కిపడతారు. ఇప్పుడు మా వాడు వింటూ, వరుస మీద వేలు పెట్టి "ఇదేనా ఇంగువ?" అని అడుగుతున్నాడు.

ఎక్కడ పెట్టాలి అంటే, నెలవారీ బిల్డర్ల కంటే ఉత్త హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళే నాకు నయమనిపించాయి. 2009లో జియోసిటీస్ మూతపడ్డప్పుడు లెక్కలేనన్ని సొంత పేజీలు దాంతోపాటే పోయాయి. ఉత్త ఫైళ్ళయితే పెన్‌డ్రైవ్‌లో తెనాలి పంపినా నెట్ లేకుండా తెరుచుకుంటాయి. ఇక్కడి డాట్ ఎస్‌జీ చిరునామా తీసుకుంటే ఇంకో సౌకర్యం ఉంది. 2019 నుంచి నేషనల్ లైబ్రరీ బోర్డు ఆ సైట్లను విడిగా అనుమతి అడగకుండానే భద్రపరచవచ్చు. అంటే ఇంటి గుట్టు అక్కడ పెట్టకూడదని కూడా అర్థం.

నాకింకా తేలనిది కొలతల సంగతి. అత్తగారిది స్టీలు గ్లాసు లెక్క. దాని నిండా నీళ్ళు పోసి, వీధి చివర కిరాణా కొట్టులో తూయించమన్నాను. గ్లాసు బరువు పోను 180 గ్రాములు వచ్చింది, అంటే 180 మిల్లీలీటర్లు. ఆ గ్లాసు ఫొటో, పక్కన ఒక టీ చెంచా పెట్టి తీసింది, ప్రతి వంట పైనా ఉంచాను. కారం ఎంత అంటే మాత్రం "రంగు చూసి" అంటారు. ఫోను తెరల్లో ఏ రెండూ ఒకే ఎరుపు చూపించవు. వచ్చేనెల ఆవిడ ఇక్కడికి వచ్చినప్పుడు పక్కన చెంచాతో నిలబడి లెక్కపెడదామనుకుంటున్నాను.