అడిగేవారుంటే

మా ఆఫీసులో పక్కబల్ల కుర్రవాడు మొన్న మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పుతూ ఫోనులో ఒక ఇంగ్లీషు పాట పెట్టాడు. "ఎవరోయ్ ఈమె? గొంతులో ఏదో జీర ఉన్నదే" అన్నాను. "బోనీ రైట్, సార్. బ్లూస్ రాక్ పాడుతుంది" అన్నాడు. బ్లూస్ అంటే అమెరికాలోని నల్లజాతివారు తమ కష్టసుఖాలు చెప్పుకొన్న పాట. దానికి ఎలెక్ట్రిక్ గిటారు జోరు తోడైతే బ్లూస్ రాక్ అట.

ఆమె కథ వినదగినది. ఏళ్ళ తరబడి పాడినా అమ్మకాలు చాలవని 1983లో రికార్డు కంపెనీవారు ఆమెను వదులుకొన్నారు. తాగుడు అలవాటు ఒకటి. దానిని మానుకొని, వేరొక కంపెనీకి 1989లో 'నిక్ ఆఫ్ టైమ్' అనే ఆల్బము పాడింది. గడియ దాటిపోకముందే అని ఆ పేరుకు అర్థం. 1990లో గ్రామీ బహుమానాలలో ఆ యేటి మేటి ఆల్బముగా అదే నిలిచింది. అమ్మకాలలోనూ అమెరికాలో మొదటి స్థానానికెక్కింది. అప్పటికామెకు నలభై ఏళ్ళు.

వింటూంటే నాకు మన జిక్కిగారు జ్ఞాపకం వచ్చారు. అసలు పేరు పి. జి. కృష్ణవేణి. 1943లో 'పంతులమ్మ'లో పాడేనాటికి చిన్నపిల్ల. 1955లో 'రోజులు మారాయి'లోని ఏరువాక పాట, 'అనార్కలి' పాటలు ఊరూరా మోగాయి. తరువాత సుశీలగారి, జానకిగారి కాలం వచ్చింది. జిక్కిగారికి పిలుపులు తగ్గాయి. 1989లో భర్త ఏ. ఎం. రాజాగారు రైలు ప్రమాదంలో పోయారు. ఇక ఆమె పాట పాతరికార్డులకే అనుకొన్నవారికి 2001లో 'మురారి'లోని పెళ్ళిపాట జవాబు చెప్పింది. అరవై దాటిన వయస్సులో, సునీత, సంధ్యలతో గొంతు కలిపి పాడారు. 2004లో ఆమె కన్నుమూసినా, మన పెళ్ళిపందిళ్ళలో ఆ పాట నేటికీ వినబడుతున్నది.

ఇద్దరికీ గొంతు పోలేదు. అడిగేవారే కరువైనారు.

ఈ మాట వ్రాస్తూ నేను తలవంచుకోవలసి ఉన్నది. దేవనహళ్ళిలో మావాళ్ళ ఇళ్ళలో ఏ పెళ్ళి జరిగినా అప్పగింతల పాట మా అమ్మదే. ఆమెకు వాళ్ళమ్మ నేర్పినది, ఏ పుస్తకంలోనూ లేదు. పదేళ్ళ క్రితం మా చెల్లెలి పెళ్ళిలో అమ్మ పాట అందుకొన్నది. ఫోటోలవాడు తొందర చేస్తున్నాడు, బయట బస్సు కాచుకొని ఉన్నది. "చాల్లేమ్మా, త్వరగా కానీ" అన్నాను. అన్నది నేనే. ఆనాటి నుండి అమ్మ పాడలేదు. వయస్సు మీదపడింది, గొంతు పోయింది కాబోలు అని మేమంతా సరిపెట్టుకొన్నాము.

ఆ సాయంత్రం ఇంటికి పోయి, "అమ్మా, వచ్చే నెల అన్నయ్య కూతురి పెళ్ళిలో అప్పగింతల పాట నువ్వే పాడాలి" అన్నాను.

"నీకు తొందర కదరా" అన్నది.

పదేళ్ళు దాచుకొన్న మాట! నాకు నోరు పెగలలేదు.

మరునాడు తెల్లవారుజామున వంటింట్లో డికాషను వాసనతోపాటు కూనిరాగం వినిపించింది. విమానం ఒకటి ఇంటిమీదుగా మోతపెట్టుకొని పోయింది. అమ్మ ఆగి, అది దాటిపోగానే ఆపినచోటి నుండే మళ్ళీ అందుకొన్నది.

పెళ్ళిలో పాడుతుందో లేదో వచ్చే నెల తెలియజేస్తాను. ఈలోగా మీ ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి.