హెచ్‌ఐవీ ఉన్నవారు చిక్కిపోతుంటే తూకం మాట వినండి

క్షయ అనే మాటకు తరుగుదల అని అర్థం. మనిషిని లోలోపల కరిగించివేసే జబ్బుకు మన పెద్దలు ఆ పేరే పెట్టుకున్నారు. ఉగాండా దేశంలోని రకాయి ప్రాంతంలో ఒక కొత్త జబ్బు మనుషులను ఎముకల గూడుగా మారుస్తున్నప్పుడు, అక్కడివారు కూడా దానిని కంటికి కనిపించే లక్షణంతోనే గుర్తించి ‘స్లిమ్’ అని పిలిచారు. 1985లో వైద్య పత్రికలోనూ అది ఆ పేరుతోనే వెలువడింది. ఆ జబ్బే ఎయిడ్స్. మరుసటి ఏడాది మన దేశంలో మొదటిసారిగా మద్రాసులో హెచ్‌ఐవీని కనుగొన్నారు.

అప్పటి నుంచి చిక్కిపోయిన శరీరం ఆ వ్యాధికి గుర్తుగా మన మనసులలో ముద్రపడిపోయింది. ఆ ముద్ర వలన రెండు విధాలుగా నష్టం జరుగుతున్నదని నా అభిప్రాయం. ఎవరైనా కాస్త సన్నబడితే చాలు, చుట్టుపక్కలవారు గుసగుసలు మొదలుపెడతారు. ఆ భయంతో, నిజంగా బరువు తగ్గుతున్నవారు వదులు చొక్కాల చాటున దానిని దాచుకుంటారు. మరోవైపు, ‘నేను పుష్టిగానే ఉన్నాను కదా, నాకెందుకు పరీక్ష?’ అని నిశ్చింతగా ఉండేవారూ ఉన్నారు. హెచ్‌ఐవీ సోకిన మనిషి ఏళ్ల తరబడి నిండుగా, ఆరోగ్యంగా కనిపించవచ్చు. రూపాన్ని బట్టి ఈ వ్యాధి ఉందనీ చెప్పలేము, లేదనీ చెప్పలేము. రక్తపరీక్ష ఒక్కటే చెప్పగలదు.

వైద్యశాస్త్రం దీనికి ఒక కొలత పెట్టింది. ప్రయత్నించకుండానే శరీర బరువులో 10 శాతానికి మించి తగ్గి, దానితోపాటు నెల రోజులకు పైగా విరేచనాలు గాని, నీరసంతో కూడిన జ్వరం గాని ఉండి, వేరే కారణమేదీ కనబడనప్పుడు దానిని హెచ్‌ఐవీ వలన కలిగిన కృశత్వంగా భావిస్తారు. అరవై కిలోల మనిషికి పది శాతమంటే ఆరు కిలోలు. అయితే ఆరు కిలోలు పోయేదాకా వేచి ఉండవలసిన పని లేదు. ఐదు శాతం, అంటే మూడు కిలోలు తగ్గినా ప్రాణాపాయం పెరుగుతుందని, మందులు వాడుతున్నవారిలో సైతం ఇది నిజమేనని పరిశోధనలు తెలిపాయి.

ఎందుకిలా జరుగుతుంది? మామూలుగా తిండి చాలనప్పుడు శరీరం ముందు కొవ్వును ఖర్చు చేసి, కండను వీలైనంత కాపాడుకుంటుంది. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ పొదుపు దెబ్బతిని, కండ కూడా వేగంగా కరుగుతుంది. దీనికి తోడు నోటిలో, అన్నవాహికలో తెల్లపూత ఏర్పడితే మింగడం కష్టమై తిండి తగ్గుతుంది. పేగులలో పరాన్నజీవులు చేరితే తిన్నది ఒంటపట్టదు. అన్నిటికంటె ముఖ్యంగా అనుమానించవలసినది క్షయ. హెచ్‌ఐవీ ఉన్నవారిలో దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం అనే నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా క్షయ పరీక్ష చేయించాలి. దగ్గు లేదు కదా అని బరువు తగ్గడాన్ని వదిలివేయకూడదు.

మందులు లేని రోజులలో వార్డులలో పనిచేసిన వైద్యులకు ఈ కృశత్వం నిస్సహాయతకు మరో పేరు. 2004 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోను, ఢిల్లీలోను ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం ప్రారంభించిన తరువాత పరిస్థితి మారింది. 2017 నుంచి సీడీ4 లెక్కతో పని లేకుండా, హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలిన ప్రతి ఒక్కరికీ మందులు ఇస్తున్నారు. కనుక నేడు చిక్కిపోవడాన్ని తలరాతగా భావించి ఊరుకోవడానికి కారణం లేదు. దానికి ఒక మూలం ఉంటుంది. వెతికితే చాలాసార్లు దొరుకుతుంది, దొరికితే చాలావరకు చికిత్స ఉంటుంది. క్షయ కావచ్చు, మందులు సరిగా వేసుకోకపోవడం కావచ్చు, మందులకు వైరస్ లొంగకపోవడం కావచ్చు. మధుమేహం, థైరాయిడ్, మద్యపానం, మానసిక కుంగుబాటు కూడా కావచ్చు. అందుకే వైరల్ లోడ్ పరీక్ష ఎప్పుడు చేశారో, ఎంత వచ్చిందో మీ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఇప్పుడు రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తున్నారు. కూలి పోకుండా, ప్రయాణ ఖర్చు లేకుండా ఇది గొప్ప మేలే. కాని తూకం వేసే సందర్భాలు కూడా అంతే తగ్గాయి. రెండు సందర్శనల మధ్య నాలుగు కిలోలు తగ్గినా గమనించే కన్ను ఉండదు. అందువలన ఈ బాధ్యతను రోగి, కుటుంబం తమ చేతిలోకి తీసుకోవాలని నా సూచన. నెలకొకసారి, ఒకే యంత్రం మీద, ఇంచుమించు ఒకే రకం బట్టలతో బరువు చూసుకుని, తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో వ్రాసుకోండి. ఏఆర్‌టీ కేంద్రాలలోని సిబ్బంది కూడా బరువును కార్డులో వ్రాసి ఊరుకోకుండా, పాత అంకెతో పోల్చి ఆ మాట రోగికి చెప్పాలి. అందుకు అర నిమిషం చాలు.

ఆహారం విషయానికి వద్దాం. హెచ్‌ఐవీ ఉండి లక్షణాలు లేని పెద్దవారికి సాధారణం కంటె సుమారు 10 శాతం, లక్షణాలు ఉన్నవారికి 20 నుంచి 30 శాతం అదనపు శక్తి అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. బరువు తగ్గుతున్న పిల్లలకు ఇది 50 నుంచి 100 శాతం వరకు ఉంటుంది. దీనికి ఖరీదైన డబ్బాలు కొననక్కరలేదు. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, వేరుశనగలు, రాగిజావ మన వంటింటివే. నోరు పూసినప్పుడు కారం, పచ్చళ్లు మాని మెత్తని పప్పన్నం, పెరుగన్నం కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినాలి. విరేచనాలైతే ఓఆర్ఎస్ త్రాగుతూ వైద్యుణ్ణి కలవాలి.

బరువు పెంచుతామని అమ్మే పేరులేని పొడులకు మాత్రం దూరంగా ఉండండి. అటువంటి వాటిలో స్టెరాయిడ్లు కలిపితే ముఖం ఉబ్బి, తూకం పెరిగినట్లు కనిపిస్తుంది. పెరిగేది నీరు, కొవ్వు. కండ ఇంకా కరుగుతుంది, వ్యాధి నిరోధక శక్తి ఇంకా తగ్గుతుంది. తిండి ఎంత మంచిదైనా మూల కారణానికి చికిత్స జరగకపోతే చిల్లు కుండలో నీళ్లు పోసినట్లే. అలాగే మందు ఒక్కటే ఇచ్చి, ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదో లేదో అడగకపోవడమూ సరైన వైద్యం కాదు. క్షయ కూడా ఉన్నవారికి చికిత్స కాలంలో పోషణ కోసం కేంద్ర ప్రభుత్వం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు చేసింది. అర్హత ఉన్నవారు అడిగి తీసుకోవాలి. అది దానం కాదు.

చివరగా, హెచ్‌ఐవీ లేని పాఠకులకు ఒక మనవి. ఎవరైనా చిక్కిపోయినట్లు కనిపిస్తే ‘ఏమిటలా అయిపోయావు?’ అని నలుగురిలో అడగకండి. 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయడం, వ్యాధి వివరం బయటపెట్టడం, ఉద్యోగంలో గాని వైద్యంలో గాని వివక్ష చూపడం నేరాలు లేదా నిషిద్ధాలు. చట్టం కంటె ముందు మర్యాద ఉంది. ఏకాంతంలో ‘ఆసుపత్రికి వెళదాం, నేను తోడు వస్తాను’ అనండి. ఎవరిని అడగాలో తెలియనివారు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తగ్గిన బరువును దాచుకోవలసిన అవసరం మనిషికి లేనప్పుడే, దానికి కారణం సకాలంలో వైద్యుడి కంటపడుతుంది.